సముద్రం ఊరుకున్న వేసవి

తెప్పలపేటలో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు. ఇళ్ళకీ కెరటాలకీ మధ్య పడవలు పెట్టుకునేంత ఇసక తప్ప ఇంకేం లేదు. పగలూ రాత్రీ ఆ హోరు మీదుగా మాట విసరాలి. లేకపోతే ఎదుటి మనిషికి పెదాలు కదలడం కనిపిస్తుంది తప్ప ఒక్క ముక్క వినబడదు. ఎరిపల్లి వసుంధర చదువు కోసం విశాఖపట్నం హాస్టల్లో చేరిన కొత్తలో, ఎవరితో దెబ్బలాడుతున్నావని వార్డెను పరిగెత్తుకొచ్చింది. ఆ పిల్ల పక్కమ్మాయిని ఉప్పు అందించమంటోంది, అంతే.

వసుంధర తల్లి పోలమ్మది ఊరందరిలోకీ పెద్ద గొంతు. చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి మొదట్లో "కానాగంతలోయ్" అని కేక వేస్తే చివరి ఇంటి పిల్లి లేచి కూర్చునేది. తండ్రి దానయ్య అందుకు పూర్తిగా విరుద్ధం. 'ఊఁ', 'ఉహుఁ', 'అన్నమెట్టు' అనే మూడు మాటలతో కాపురమంతా నెట్టుకొచ్చిన మనిషి. పొద్దుగూకే వేళ ఊరికి వీపు పెట్టి, పడవ అంచు మీద ఒక్కడే కూర్చునేవాడు. మర్నాటి గాలి చూసుకుంటున్నాడని అందరూ అనుకునేవారు.

వసుంధర చదువై, సముద్రపు శక్తి మీద పనిచేసే పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరింది. కెరటాలతో కరెంటు తీయడానికి ఆమె పట్టుకున్న దారి చిన్నప్పుడు చూసిన ఒక సంగతిలోంచి వచ్చింది. వానాకాలంలో ఏరు తెచ్చిన ఒండ్రు సముద్రంలో కలిసేచోట కెరటం లేవదు. ఎంత గాలి ఉన్నా పడవలు అక్కడికి పోయి తలదాచుకుంటాయి. మీద నుంచి పోతున్న కెరటానికి అడుగునున్న మెత్తటి బురద ఊగుతుంది. ఆ ఊగడంలోనే కెరటం బలమంతా ఖర్చైపోతుంది. బురద మింగేదాన్ని మనం దాచుకోగలిగితే? అలా పుట్టింది చాప. ఒడ్డుకి కాస్త దూరంలో, సముద్రం అడుగున, ఊరి పొడవునా పరిచిన రబ్బరు లాంటి మందపాటి చాప. కెరటం పైనుంచి పోతుంటే అది లేచి పడుతుంది. దాని కింద వరసగా ఉన్న పంపులు నీటిని గొట్టంలోకి తోస్తాయి. ఒడ్డు మీది షెడ్డులో ఆ నీరు చక్రాన్ని తిప్పుతుంది.

కిందటేడు వేసిన చాప మొద్దుది. ఏ కెరటం వచ్చినా ఒకే తీరున వంగేది. ఉన్న బలంలో మూడో వంతు కూడా దక్కేది కాదు. అయినా ఊళ్ళో దీపాలు ఆరకుండా వెలిగాయి, ఐసు ఫ్యాక్టరీ తెరుచుకుంది. వసుంధరకి అది చాలలేదు. కరెంటు తగిలితే బిగిసి, తీసేస్తే మెత్తబడే పోగులతో ఈసారి కొత్త చాప నేయించింది. ముందు వరస పోగులు వచ్చే కెరటం పొడవు, బరువు కనిపెట్టి వెనక వరసలకు చెబుతాయి. ఆ కెరటానికి సరిపడా చాప తన మెత్తదనాన్ని తానే మార్చుకుంటుంది. ఎవరూ మీట నొక్కనక్కర్లేదు. సముద్రాన్ని చూసి అదే నేర్చుకుంటుంది.

శివరాత్రి వెళ్ళిన మర్నాడు దాన్ని నేర్చుకోమని వదిలారు. షెడ్డు పక్క గదిలో వసుంధరా, కేంద్రం డైరెక్టరు డాక్టర్ భానుమూర్తీ తెర ముందు కూర్చున్నారు. ఆయన అనంతపురం వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా సముద్రం మీద పనిచేస్తున్నా పడవ ఎక్కితే వాంతి చేసుకుంటారు.

పొద్దున్నంతా తెర మీద కరెంటు గీత నిద్రపోతున్నట్టు ఉంది. మధ్యాహ్నం దాటాక లేవడం మొదలుపెట్టింది. కెరటం బలంలో సగం. మూడొంతులు. భానుమూర్తి కుర్చీలోంచి లేచారు.

"ఎక్కడ ఆగుతుందమ్మా ఇది?"

వసుంధర తెర చూడటం లేదు. కిటికీ చూస్తోంది. "సార్, బయటికి చూడండి."

ఒడ్డు పొడవునా ఎప్పుడూ ఉండే తెల్లటి నురగ గీత సన్నబడుతోంది. విరిగి పడే కెరటం విరగడం మానేసి, వంగి, ఇసకని తడిపి వెనక్కి పోతోంది. తరవాత అది కూడా లేదు. చెరువులో నీళ్ళలా సముద్రం వచ్చి ఒడ్డుని ఆనుకుని ఊరుకుంది.

ఇద్దరూ పరిగెత్తి ఇసకలోకి వచ్చారు. భానుమూర్తి నాలుగడుగులు ముందుకి వేశారు. ఆయన చెప్పుల కింద ఇసక కిరకిరమనడం వినిపించింది. దూరంగా ఊళ్ళో ఎవరింట్లోనో కుక్కరు కూత పెట్టింది. ఎవరో తుమ్మారు. వసుంధర పుట్టి బుద్ధెరిగాక తన ఊళ్ళో ఒక తుమ్ము ఇంత దూరం వినడం అదే మొదటిసారి. ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. భానుమూర్తి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ, "మింగేసింది! మొత్తం మింగేసిందమ్మా నీ చాప!" అని అరిచారు. ఆ అరుపుకి ఊరు ఊరంతా ఇళ్ళలోంచి బయటికొచ్చింది.

పోలమ్మ గంప దించి నీటి దాకా నడిచి, కాలి బొటనవేలితో సముద్రాన్ని పొడిచి చూసింది.

"ఒలే వసూ, ఏటి సేసినావే దీన్ని? సచ్చిపోనాదేటి?"

"సావలేదమ్మా. దాని బలం మనకిచ్చీసి కూకున్నాది."

"బాగుంది సంబడం," అంది పోలమ్మ, కూతురికి దిష్టి తీసి మెటికలు విరుస్తూ.

*

ఆ వేసవి మొదట్లో తెప్పలపేటకి అంతా పండగే. కెరటానికి ఎదురెళ్ళి పడవ తొయ్యనక్కర్లేదు. ముసలి వాళ్ళు కూడా పడవ నీళ్ళలోకి దించి, మెట్టు దిగినంత తేలిగ్గా ఎక్కి కూర్చునేవారు. ఆడవాళ్ళు పసిపిల్లలకి సముద్రంలో స్నానాలు చేయించారు. చాప ఇచ్చే కరెంటుతో ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే యంత్రం నడిచింది. చుట్టుపక్కల ఊళ్ళకి కుళాయిలు వచ్చాయి, మండలంలోని ఆసుపత్రికి జనరేటరు అవసరం తప్పింది. పేపర్లవాళ్ళు వచ్చి వసుంధర ఫొటోలు తీసుకున్నారు. పక్కన నిలబడమంటే పోలమ్మ గంపతో సహా నిలబడింది.

చిక్కు వేరేచోట వచ్చింది. తెప్పలపేట వాళ్ళ గొంతులు హోరుకి అలవాటుపడ్డ గొంతులు. హోరు పోయింది, గొంతులు మాత్రం తగ్గలేదు. గరికిన ఎల్లాజీ తన పడవ మీద కూర్చుని, పోలమ్మ చేతి పులుసు ముందు తన పెళ్ళాం పులుసు గంజినీళ్ళని స్నేహితుడితో అన్నాడు. అది నేరుగా వంటింట్లో ఉన్న అతని పెళ్ళాం కొర్లమ్మ చెవిలో పడింది. వారమంతా అతనికి నిజంగానే గంజినీళ్ళు పెట్టింది ఆవిడ. ఎవరు ఎవర్ని ఇష్టపడుతున్నారో, ఎవరి అత్త ఎవరి కోడలిని ఏమంటుందో, అన్నీ వీధిలో పడ్డాయి. రెండు పెళ్ళిళ్ళు కుదిరాయి, ఒకటి చెడింది. గుసగుసలాడటం నేర్చుకుందామని అందరూ తంటాలు పడ్డారు. పోలమ్మ గుసగుసలాడితే పక్కవీధి వాళ్ళు జవాబు చెప్పేవారు. తిట్టుకున్నా అందులో నవ్వే ఎక్కువ. ఇన్నాళ్ళూ ఒకరి పక్కన ఒకరు బతుకుతూ వినని మాటలన్నీ ఇప్పుడు వింటున్నట్టుంది వాళ్ళకి.

ఒక సాయంత్రం పోలమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. వసుంధర లోపల బట్టలు మడతపెడుతోంది. ఒడ్డు వైపు నుంచి ఒక పాట వచ్చింది. మగగొంతు. కొంచెం బొంగురుగా, లోతుగా, తొందర లేకుండా.

"గంప నెత్తినెట్టుకోని గట్టు ఎక్కిపోతా ఉంటే
సంద్రమంతా నీ ఎనకే సాగి వొచ్చీసినాది పోలీ...
కేకలేసి ఊరినంతా లేపినావు తెల్లవారి
నన్ను లేపడానికేమో నవ్వు సాలు గదే పోలీ..."

కత్తిపీట మీద పోలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇళ్ళ ముందు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పడవ అంచు మీద, ఊరికి వీపు పెట్టి, దానయ్య పాడుతున్నాడు. పాడటం అతనికి కొత్త కాదని వింటేనే తెలుస్తోంది. పదం తర్వాత పదం తడుముకోకుండా వస్తోంది. గాలికి గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో ఎన్నో ఏళ్ళుగా తెలిసినవాడిలా పాడుతున్నాడు. హోరు ఆగిందని అతనికి తెలియక కాదు. మనసు ఎక్కడో ఉండి, అలవాటు కొద్దీ నోరు తెరిచి ఉంటాడు.

పాట అయ్యేసరికి కొర్లమ్మ ఉండబట్టలేక చప్పట్లు కొట్టింది. ఊరంతా అందుకుంది. ఎల్లాజీ ఈల వేశాడు.

దానయ్య వెనక్కి తిరిగాడు. వీధి నిండా జనం. గుమ్మంలో పొలుసులంటిన చేతులతో పెళ్ళాం. వసుంధర అతని మొహం చూసింది. బట్టల్లేకుండా దొరికిపోయిన మనిషిలా ఉన్నాడు. పడవ దిగి, తల వంచుకుని, ఇంటివైపు కాకుండా ఒడ్డు వెంట నడిచి వెళ్ళిపోయాడు.

"ఓలమ్మ," అంది పోలమ్మ. జీవితంలో మొదటిసారి ఆమె మాట పక్కవాళ్ళకి వినబడలేదు.

*

దానయ్య మళ్ళీ పాడలేదు. పడవ అంచు మీద కూర్చోవడమూ మానేశాడు. చీకటితోనే లేచి, తన చిన్న తెప్ప వేసుకుని ఒక్కడే వెళ్ళి ఏ మధ్యాహ్నానికో వచ్చేవాడు. చేపలు పెద్దగా తెచ్చేవాడు కాదు. రాత్రిళ్ళు నిద్ర పట్టక మంచం మీద అటూ ఇటూ దొర్లేవాడు.

ఒక ఆదివారం అతను వల బాగుచేసుకుంటూంటే వసుంధర పక్కన కూర్చుంది.

"అయ్యా, ఎందుకు పాడట్లేదు?"

దానయ్య ముడి వేసి దారం కొరికాడు. తరవాత ఆమె ఎన్నడూ ఎరగనన్ని మాటలు మాట్లాడాడు.

"సంద్రం అరుస్తా ఉంటే నా గొంతు నాకే ఇనపడదమ్మా. అప్పుడొస్తాది పాట. ఎవులో ఇంటన్నారంటే గొంతులో ముల్లు పడినట్టుంటాది. సిన్నప్పటినుంచీ అంతే."

"అన్నీ అమ్మ మీదేనా?"

"ఊఁ."

"అమ్మ ఇంటే తప్పేటి?"

"మీ అమ్మ ఇంటే మరీ సిగ్గు," అన్నాడు దానయ్య. సూది జారి వేలికి గుచ్చుకుంది.

వసుంధర ఆ మాట తల్లితో చెప్పింది. చాపని బిగదీసి ఉంచితే కెరటం దాని మీదుగా ఎప్పటిలా వచ్చేస్తుందని, రోజూ కాసేపు అలా చేయొచ్చేమో డైరెక్టరుగార్ని అడుగుతానని అంది. పోలమ్మ ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్ళ కాపరంలో ఈ మడిసి నాతో ఆడిన మాటలన్నీ ఒక గంపలో పట్టీస్తాయి. పాటలేమో సంద్రానికి పాడినాడు. నా పేరెట్టి పాడినాడు, నాకినపడకుండా పాడినాడు. ఇన్నాళ్ళకి దాని నోరు మూసినావు నువ్వు. మల్లీ తెరుస్తానంటావేటి?"

"తెరవకపోతే అయ్య పాడడు గదమ్మా."

"ఏదో నాటికి పాడతాడు. నాను కాసుకుని కూకుంటాను."

పోలమ్మ నిజంగానే కాచుకుంది. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, ఎవరైనా మాట్లాడితే ఉష్ అనేది. సముద్రం ఊరుకుంది, దానయ్యా ఊరుకున్నాడు.

అక్కడ షెడ్డులోనూ సంగతి బాగాలేదు. కరెంటు గీత మెల్లమెల్లగా దిగుతోంది. రోజుకి వెంట్రుకవాసి. పంపులు చూశారు, గొట్టాలు చూశారు, పోగుల్లో నేర్పు తగ్గిందేమోనని లెక్కలన్నీ తిరగేశారు. ఎక్కడా లోపం కనిపించలేదు. ఢిల్లీ నుంచి నిపుణుల బృందం రావలసి ఉంది. వాళ్ళకి నచ్చితే తీరం పొడవునా ఇలాంటి చాపలు వేస్తారు. భానుమూర్తి భోజనం మానేసి వేరుశనగకాయలు నములుతూ తిరుగుతున్నారు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచింది. చాపకి ఇటువైపు నీళ్ళు కదల్లేదు. దానికి అవతల, బయటి సముద్రంలో తెల్లటి తలలు లేచాయి. పడవలన్నీ వచ్చేశాయి, దానయ్య తెప్ప రాలేదు. అప్పుడు ఎల్లాజీ నోరు విప్పాడు. ఇన్నాళ్ళూ దానయ్య చాప దాటి, బయటి కెరటాల్లోకి పోయి, అక్కడ తెప్ప ఆపుకుని కూర్చుంటున్నాడని, వల కూడా వెయ్యడని, నోరు కదలడం తను దూరం నుంచి చూశానని చెప్పాడు.

"పాడుకోడానికా?" అంది పోలమ్మ. ఎల్లాజీ తల ఊపాడు.

మోటారు పడవ వేసుకుని వెళ్ళి వెతికారు. పోలమ్మ నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడి, "ఓ మావా" అని కేకలు వేసింది. అడ్డంగా హోరు లేదు కాబట్టి ఆ కేక ఎంత దూరం పోవాలో అంత దూరం పోయింది. తిరగబడ్డ తెప్ప పట్టుకుని నీళ్ళలో వేలాడుతున్న దానయ్య ఆ కేకే విన్నాడు. ఎటువైపు తన్నుకుంటూ రావాలో దాంతోనే తెలిసిందని తరవాత చెప్పాడు. పడవ వాళ్ళు అతన్ని పొద్దుగూకకముందే తెచ్చారు. ఒక భుజం కీలు తప్పింది, మిగతా అంతా బాగానే ఉంది.

ఆసుపత్రిలో కట్టు కట్టించి ఇంటికి తెచ్చాక, పోలమ్మ అతనికి చారన్నం కలిపి తినిపించింది. తినిపిస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. చివరికి కూతురి వైపు తిరిగింది.

"పాట కోసరం సావబోనాడు, ఎర్రి మడిసి. ఒలే వసూ, తెరిపించే దాని నోరు. నాను ఇనకపోతే ఇనకపోనాను. ఈ మడిసి ఒడ్డున కూకుని పాడితే సాలు నాకు."

*

మర్నాడు వసుంధర డైరెక్టరుగారి ముందు నిలబడి, రోజూ సాయంత్రం ఒక గంట చాపని బిగదీసి సముద్రాన్ని వదిలిపెడదామంది. ఎందుకో కూడా దాచకుండా చెప్పింది.

భానుమూర్తి వేరుశనగకాయ నోటి దాకా తెచ్చి ఆగారు. "గీత దిగిపోతోంటే, నిపుణులు వస్తోంటే, మీ నాన్నగారు పాడుకోడానికి చాప ఆపుదామంటావా?"

"అవును సార్."

"బిగదీస్తే అది నేర్చుకున్నది మరిచిపోవచ్చు. మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. తెలుసా?"

"తెలుసు సార్. అలా అయితే నా పేరే రాయండి. కానీ మనిషి ప్రాణం మీదికి వచ్చింది. చాప నేసినప్పుడు నేను కెరటం బలం లెక్కపెట్టాను, చప్పుడు లెక్కపెట్టలేదు. దాన్ని ఆసరా చేసుకుని బతికే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలీదు."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, కదలని నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డారు.

"మా నాన్నగారు గుంతకల్లు రైల్వేలో పనిచేసేవారు. రైలు కట్ట పక్కనే క్వార్టర్సు. ఆయన రిటైరయ్యాక ఊరవతల మంచి ఇల్లు కట్టుకున్నాం. మా అమ్మకి ఆర్నెల్లు నిద్రలేదు. ఏ గూడ్సు పోవడం లేదే, ఏదో అయ్యుంటుందని లేచి కూర్చునేది," అన్నారు. వెనక్కి తిరిగి, "ఒక్క సాయంత్రం. చూద్దాం. కరెంటు లేని ఆ గంటా ఆసుపత్రి బ్యాటరీల మీద నడుస్తుందో లేదో కనుక్కో ముందు," అన్నారు.

సంగతి ఊళ్ళో చెప్పారు. పొద్దు వాలుతుండగా అందరూ ఒడ్డుకి చేరారు. చిన్నపిల్లలు ఇసకలో వరసగా కూర్చున్నారు. దానయ్య భుజానికి కట్టుతో, పోలమ్మ పక్కన, ఏమీ పట్టనట్టు నిలబడ్డాడు.

వసుంధర షెడ్డులో చాపని బిగదీసి వచ్చి నీటి అంచున నిలబడింది.

మొదట ఏమీ కాలేదు. తరవాత దూరంగా నీటి మీద ఒక మడత కనిపించింది. అది లేచింది, దగ్గరికొచ్చింది, వంగింది, విరిగి పడింది. ఆ చప్పుడుకి కొర్లమ్మ అమ్మో అని ఎల్లాజీని పట్టుకుంది. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఊరంతా ఒక్కసారి కేక వేసింది. ఎవరి కేక ఎవరికీ వినబడలేదు. అది తెలిసి మరీ గట్టిగా అరిచారు. పిల్లలు నురగలోకి దూకారు. ఇన్నాళ్ళూ గుసగుసలతో గొంతులు నొక్కుకున్న అత్తలూ కోడళ్ళూ మనసారా ఒకరినొకరు పిలుచుకున్నారు. ముసలివాళ్ళు చొక్కాలు తడుపుకున్నారు. భానుమూర్తి ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, రెండో కెరటానికే పడి, నవ్వుతూ లేచారు.

వసుంధర మాత్రం నీళ్ళ రంగు చూస్తోంది. మొదట వచ్చిన కెరటాలు ఎర్రగా, చిక్కగా, కాఫీలా ఉన్నాయి. పోనుపోను తేటపడ్డాయి. ఎక్కడి మట్టి అది? ఒక్క క్షణం ఆలోచించి, తడిసిన చీరతోనే షెడ్డు వైపు పరిగెత్తింది.

నీళ్ళు కదలకుండా నిలిచినచోట ఒండ్రు దిగుతుంది. వేసవంతా చాప మీద పొరపొరగా అదే దిగింది. సముద్రం ఊరుకునేలా చేసింది చాపే. ఆ ఊరుకున్న నీళ్ళే మట్టి దించి చాపని బరువెక్కించాయి. గీత దిగిపోవడానికి కారణం అదే. గంటసేపు కెరటాలు వచ్చి దాన్ని దులిపేశాయి.

ఆ గంట అయ్యాక చాపని మళ్ళీ మెత్తబరిచారు. అది నేర్చుకున్నది కొంత మరిచిపోయింది కూడా. కాసేపు తడబడి, సముద్రాన్ని చూసి మళ్ళీ అందుకుంది. తెల్లవారేసరికి గీత ఎప్పుడూ ఎక్కనంత ఎత్తుకి ఎక్కింది. భానుమూర్తి దాన్ని చూసి, మిగిలిన వేరుశనగకాయలన్నీ షెడ్డు గార్డుకి ఇచ్చేసి, పోలమ్మ ఇంటికి కబురు పెట్టారు, చేపల పులుసు తినడానికి వస్తున్నానని.

నిపుణులు వచ్చినప్పుడు ఆయన వాళ్ళని సాయంత్రం దాకా కూర్చోబెట్టి సముద్రం రావడం చూపించారు. చాప వాళ్ళకి నచ్చింది, దానికి రోజూ ఒక గంట దులుపుడు తప్పదని నివేదికలో రాశారు. తీరంలో ఎక్కడ చాప వేసినా ఆ గంట ఉండి తీరాలన్నారు. ఏ వేళకి ఆ గంట ఉండాలో ఆ ఊరివాళ్ళే చెప్పుకోవాలన్నారు. తెప్పలపేట పొద్దుగూకే వేళ అడిగింది. పక్క ఊరికి రాబోయే చాపకి తెల్లవారుజాము కావాలని అప్పుడే ఆ ఊళ్ళో తగువులు మొదలయ్యాయి.

*

భుజం కట్టు విప్పిన రోజు సాయంత్రం దానయ్య ఒడ్డుకి వెళ్ళాడు. మొదటి కెరటం విరిగాక పడవ ఎక్కి, అంచు మీద, ఊరికి వీపు పెట్టి కూర్చున్నాడు. పిల్లలు ఆటల్లో ఉన్నారు, పెద్దవాళ్ళు వాళ్ళ వాళ్ళ మాటల్లో ఉన్నారు. ఎవరూ అటు చూడలేదు. చూడకూడదని పోలమ్మ ఊరందరికీ ముందే కేకలేసి చెప్పి ఉంచింది.

వసుంధర షెడ్డు మెట్ల మీద నిలబడి చూస్తోంది. తండ్రి వీపు కొంచెం ఊగుతోంది. పాడుతున్నాడన్నమాట. ఆమెకి హోరు తప్ప ఏమీ వినబడటం లేదు. అలా వినబడకపోవడం ఎంతో హాయిగా ఉంది.

ఇంట్లోంచి పోలమ్మ వచ్చింది. తలకి నూనె రాసి దువ్వుకుంది, చీర మార్చుకుంది. చేతిలో గంప లేదు. తిన్నగా ఇసక దాటి, పడవ దగ్గరికి పోయి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పడవ ఎక్కింది. దానయ్య వీపు ఊగడం ఆగిపోయింది.

పోలమ్మ అతని పక్కన కూర్చుంది. భుజానికి భుజం ఆనుకుని, చెవి అతని నోటికి ఒక జానెడు దూరంలో ఉండేలా కూర్చుంది. మొహం అతని వైపు తిప్పలేదు. అతనిలాగే సముద్రం వైపు చూస్తూ, ఊరికి వీపు పెట్టింది. చాలాసేపు ఇద్దరూ కదల్లేదు. కెరటాలు ఒకదాని మీద ఒకటి వచ్చి విరుగుతున్నాయి. ఆ హోరులో దానయ్య గొంతు ఊళ్ళో ఎవరికీ అందదు. పక్కనున్న మనిషికి తప్ప.

మెల్లగా అతని వీపు మళ్ళీ ఊగింది.

కొంతసేపటికి పోలమ్మ తల వెనక్కి విరిచి నవ్వింది. అరచేత్తో అతని వీపు మీద ఒక్కటి చరిచింది. మరి కాసేపటికి పైట చెంగు కళ్ళకి ఒత్తుకుంది. మళ్ళీ చరిచింది. గంట అయింది. వసుంధర చాపని మెత్తబరచడానికి లోపలికి పోయి మీట మీద చెయ్యి వేస్తుంటే, గుమ్మంలోకి ఎవరో పరుగున వచ్చారు. పోలమ్మే, ఒగరుస్తోంది. మొహమంతా ఉప్పు తుంపర, నవ్వు.

"ఏటి పాడినాడే అమ్మా?" అంది వసుంధర.

"నీకెందుకే అయ్యన్నీ?" అని పోలమ్మ మీట మీదున్న కూతురి చెయ్యి పట్టుకుంది. "ఇంకా సగమే అయినాది. ఇంకో అరగంట ఆపే నీ మిషను."